లైవ్ కోడింగ్‌కి ఎడిటర్ సెటప్: ముందు ఆపే కీ, ఆ తర్వాతే థీమ్

కోడ్ రాస్తూ, అది నడుస్తుండగానే మారుస్తూ, అప్పటికప్పుడు మ్యూజిక్ వాయించడమే లైవ్ కోడింగ్. ఇందులో చేతిలో ఉండే వాయిద్యం మీ టెక్స్ట్ ఎడిటరే కాబట్టి దాన్ని సిద్ధం చేసుకోవడానికి ఒక పూట కేటాయించడం దండగ కాదు. కానీ చాలామంది ఆ పూటంతా థీమ్‌లు, ఫాంట్లు, రంగులు మార్చుకుంటూ గడిపేస్తారు, తీరా వాయించడం మొదలయ్యాక చెవులు చిల్లులు పడే శబ్దం వస్తే ఏ కీ నొక్కి ఆపాలో తెలియక మౌస్ కోసం వెతుక్కుంటారు. నేను చెప్పే వరుస వేరు. రాసింది రన్ చేసే కీ, శబ్దం ఆపే కీ, తప్పు ఎక్కడ జరిగిందో కనిపించే చోటు, ఈ మూడూ ముందు కుదరాలి. మిగతాదంతా తీరిగ్గా చూసుకోవచ్చు.

నేను వాడేది టైడల్‌సైకిల్స్ (లైవ్ కోడింగ్ సాఫ్ట్‌వేర్, ముద్దుగా టైడల్), అందుకే ఈ గైడ్ దాని మీదే, ఎడిటర్ వీఎస్ కోడ్. ఇందులో కోడ్ మాటల్ని తెలుగు లిపిలోనే రాస్తున్నాను, మీరు టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టండి, నేను ప్రత్యేకంగా చెప్పిన చోట తప్ప అన్నీ చిన్న అక్షరాలే.

ముందు ఎవరు ఏ పని చేస్తున్నారో తెలుసుకోవాలి

ఇది అర్థం కాకుండా ఇన్‌స్టాల్ చేసుకుంటూ పోతే తర్వాత ప్రతి సమస్యా ఒకేలా కనిపిస్తుంది. టైడల్ స్వయంగా శబ్దం చేయదు. అది అలెక్స్ మెక్‌లీన్ మొదలుపెట్టిన, హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఉన్న ఒక లైబ్రరీ, ఏ శబ్దం ఎప్పుడు రావాలో లెక్కగట్టడం వరకే దాని పని. హాస్కెల్‌కి జీహెచ్‌సీఐ అని ఒక ఇంటరాక్టివ్ ప్రాంప్ట్ ఉంటుంది, టైడల్ దాని లోపల నడుస్తుంది. అక్కడి నుంచి ఓఎస్‌సీ (మ్యూజిక్ ప్రోగ్రాంలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి) మెసేజ్‌లు 57120 అనే పోర్టుకి వెళ్తాయి. ఆ పోర్టు దగ్గర కూర్చుని వినేది సూపర్‌డర్ట్, అది సూపర్‌కొలైడర్ అనే ఆడియో ప్రోగ్రాంలో నడుస్తుంది (జేమ్స్ మెకార్ట్‌నీ 1996లో విడుదల చేసిన సూపర్‌కొలైడర్ ఇప్పుడు ఉచితం, ఓపెన్ సోర్స్). స్పీకర్లోంచి వచ్చే శబ్దమంతా దాని చలవే.

మరి ఎడిటర్ చేసేది ఏమిటి? మీరు కీ నొక్కగానే కర్సర్ ఉన్న చోటి టెక్స్ట్ తీసుకెళ్ళి జీహెచ్‌సీఐకి ఇవ్వడం. అంతే. అందుకే ఏ ఎడిటర్ వాడినా మ్యూజిక్‌లో తేడా ఏమీ ఉండదు, తేడా అంతా మీ చేతులకీ కళ్ళకీ ఉండే సౌకర్యంలోనే.

ఇన్‌స్టాల్ చేసే వరుస

ఇక్కడ త్వరగా వెళ్దాం. మొదట జీహెచ్‌సీఅప్ అనే ఇన్‌స్టాలర్‌తో హాస్కెల్ వేసుకోండి, దాంతో కేబల్ (హాస్కెల్ లైబ్రరీలు వేసే టూల్) కూడా వస్తుంది. టెర్మినల్ తెరిచి 'కేబల్ అప్‌డేట్', తర్వాత 'కేబల్ ఇన్‌స్టాల్ --లిబ్ టైడల్' కొట్టండి. కంపైల్ అవడానికి టైం పడుతుంది, పాత ల్యాప్‌టాప్ అయితే ఫ్యాన్ గట్టిగానే తిరుగుతుంది, కంగారు పడొద్దు. గిట్ లేకపోతే అదీ వేసుకోండి, సూపర్‌డర్ట్‌ని దించుకోవడానికి సూపర్‌కొలైడర్‌కి గిట్ కావాలి, ఇది మర్చిపోయి ఆగిపోయేవాళ్ళే ఎక్కువ.

తర్వాత సూపర్‌కొలైడర్ తెరిచి, క్వార్క్స్.ఇన్‌స్టాల్("సూపర్‌డర్ట్") అని రాసి, ఆ లైన్ మీద కర్సర్ పెట్టి కంట్రోల్+ఎంటర్ నొక్కండి. ఇక్కడ క్వార్క్స్‌లో క్యూ, సూపర్‌డర్ట్‌లో ఎస్, డి పెద్ద అక్షరాలు. శాంపిల్స్ (రికార్డ్ చేసిన చిన్న చిన్న శబ్దాల ఫైళ్ళు) అన్నీ దిగేదాకా విండో హ్యాంగ్ అయినట్టే ఉంటుంది, నెట్ స్లోగా ఉంటే చాలాసేపు అలాగే ఉంటుంది, మధ్యలో క్లోజ్ చేయకండి. అయ్యాక లాంగ్వేజ్ మెనూలో రీకంపైల్ క్లాస్ లైబ్రరీ నొక్కి, సూపర్‌డర్ట్.స్టార్ట్ అని రన్ చేయండి. కింద కుడివైపు పోస్ట్ విండోలో 57120 పోర్టులో వింటున్నానని ఒక లైన్ వస్తే సగం పని అయిపోయినట్టే.

ఈ సూపర్‌డర్ట్.స్టార్ట్‌ని ప్రతిసారీ టైప్ చేయాల్సిన పని లేదు. ఫైల్ మెనూలో ఓపెన్ స్టార్టప్ ఫైల్ అని ఉంటుంది, అందులో ఈ ఒక్క లైన్ రాసి సేవ్ చేస్తే ఇకపై సూపర్‌కొలైడర్ తెరవగానే అంతా దానంతటదే మొదలవుతుంది.

మ్యాక్ వాడుతూ బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ పెట్టుకునేవాళ్ళకి ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. హెడ్‌ఫోన్స్‌లోని మైక్ ఒక శాంపిల్ రేటుతో, స్పీకర్ వేరే శాంపిల్ రేటుతో ఉంటే సూపర్‌కొలైడర్‌లో శబ్దం చేసే భాగమైన సర్వర్ అసలు బూట్ కాదు. మైక్‌తో మనకి పని లేదు కదా, స్టార్టప్ ఫైల్లో సూపర్‌డర్ట్ లైన్‌కి పైన ఎస్.ఆప్షన్స్.నమ్‌ఇన్‌పుట్‌బస్‌ఛానెల్స్ = 0 అని పెట్టేస్తే ఆ గొడవ పోతుంది (ఇన్‌పుట్‌లో ఐ, బస్‌లో బి, ఛానెల్స్‌లో సి పెద్దవి, ఆ లైన్ చివర సెమీకోలన్ మర్చిపోవద్దు). లేదంటే వైరున్న హెడ్‌ఫోన్స్ వాడండి, అసలు లైవ్ కోడింగ్‌కి అవే మంచివి, నొక్కిన దానికీ వినిపించిన దానికీ మధ్య బ్లూటూత్ ఆలస్యం ఉండదు.

ఆఫీసు ల్యాప్‌టాప్ మాత్రమే ఉండి ఇవేవీ వేసుకునే పర్మిషన్ లేనివాళ్ళు నిరాశపడక్కర్లేదు. స్ట్రూడెల్ అని టైడల్‌నే జావాస్క్రిప్ట్‌లో మళ్ళీ రాశారు, బ్రౌజర్‌లో తెరిస్తే చాలు, ఎడిటర్ కూడా అందులోనే ఉంటుంది, కంట్రోల్+ఎంటర్ కొడితే మోగుతుంది, కంట్రోల్+ఫుల్‌స్టాప్ కొడితే ఆగుతుంది. ప్యాటర్న్‌లు (తిరిగి తిరిగి మోగే శబ్దాల వరసలు) నేర్చుకోవడానికి అది చాలు. మీ సొంత ఎడిటర్, మీ సొంత శాంపిల్స్, నెట్ లేకపోయినా పనిచేసే సెటప్ కావాలంటే మాత్రం ఇక్కడే ఉండండి.

వీఎస్ కోడ్‌లో కలపడం

ఒకప్పుడు టైడల్ వాళ్ళలో చాలామంది ఆటమ్ ఎడిటర్ వాడేవాళ్ళు. 2022 డిసెంబర్‌లో గిట్‌హబ్ దాన్ని మూసేసింది. దాని కోడ్ తీసుకుని కొందరు పల్సార్ అని నడుపుతున్నారు, ఆటమ్ అలవాటున్నవాళ్ళకి అది హాయిగా ఉంటుంది, టైడల్ ప్యాకేజీ కూడా ఉంది. కానీ మనలో చాలామందికి వీఎస్ కోడ్ అప్పటికే మెషీన్లో ఉంటుంది, రోజూ చేతులు ఆడేది దాని మీదే, కాబట్టి కొత్తగా ఇంకోటి నేర్చుకోవడం కంటే ఇదే నయం అని నా అభిప్రాయం.

ఎక్స్‌టెన్షన్లలో టైడల్‌సైకిల్స్ అని వెతికి వేసుకోండి. తర్వాత ఒక ఫోల్డర్ చేసుకుని, అందులో ఫైల్ పేరు చివర .టైడల్ అని ఉండేలా కొత్త ఫైల్ సేవ్ చేయండి. ఆ ఎక్స్‌టెన్షన్ లేకపోతే ఎడిటర్ దాన్ని మామూలు టెక్స్ట్ అనుకుంటుంది, కీలు పనిచేయవు. ఇప్పుడు ఈ లైన్ రాయండి:

డీ1 $ సౌండ్ "బీడీ ఎస్ఎన్"

డి పక్కన అంకె, ఖాళీ, డాలర్, ఖాళీ, సౌండ్, కోట్స్ లోపల బి-డి, ఎస్-ఎన్ అనే రెండు శాంపిల్ పేర్లు. కర్సర్ ఆ లైన్లో ఉంచి షిఫ్ట్+ఎంటర్. మొదటిసారి కాబట్టి జీహెచ్‌సీఐ లేవడానికి కొంచెం టైం పడుతుంది. సూపర్‌డర్ట్‌కి కనెక్ట్ అయ్యానని ఔట్‌పుట్‌లో లైన్ వచ్చి, డ్రమ్, స్నేర్ ఒకదాని తర్వాత ఒకటి మోగుతుంటే సెటప్ అయినట్టే.

మోగకపోతే ఏం రాసిందో చదవండి. డీ1 స్కోప్‌లో లేదు అంటే బూట్ ఫైల్ లోడ్ కాలేదని అర్థం. టైడల్‌తో పాటు బూట్‌టైడల్ అనే చిన్న హాస్కెల్ ఫైల్ వస్తుంది, డీ1, డీ2, హష్ లాంటి పేర్లన్నీ అందులోనే పుడతాయి. ఎక్స్‌టెన్షన్‌కి అది దొరక్కపోతే సెట్టింగ్స్‌లో టైడల్ అని వెతికి, బూట్‌టైడల్ పాత్ దగ్గర ఆ ఫైల్ ఉన్న చోటు ఇవ్వండి. నాకు ఇంకో పద్ధతి ఇష్టం: ఆ ఫైల్‌ని కాపీ చేసి నా టైడల్ ఫోల్డర్లోనే పెట్టుకుని, ఇదే ఫోల్డర్లోని బూట్ ఫైల్ వాడు అనే సెట్టింగ్ ఆన్ చేయడం. దాని లాభం ఏమిటంటే మీరు సొంతంగా రాసుకున్న ఫంక్షన్లు ఆ ఫైల్ చివర్లో పెట్టేసుకోవచ్చు, ఎడిటర్ తెరిచిన ప్రతిసారీ అవి సిద్ధంగా ఉంటాయి, టైడల్ అప్‌డేట్ అయినా చెరిగిపోవు. వెర్షన్ మారినప్పుడు మాత్రం కొత్త బూట్ ఫైల్ తెచ్చుకుని మీ లైన్లు దానికి అతికించుకోండి, పాత ఫైల్‌తో కొత్త టైడల్ ఒక్కోసారి పేచీ పెడుతుంది.

సౌండ్.టైడల్.కాంటెక్స్ట్ అనే మాడ్యూల్ దొరకలేదు అని వస్తే సమస్య ఎడిటర్‌ది కాదు. జీహెచ్‌సీ (హాస్కెల్ కంపైలర్) వెర్షన్ మారిపోయి ఉంటుంది, టైడల్ లైబ్రరీ పాత వెర్షన్ దగ్గరే ఉండిపోతుంది. కేబల్ ఇన్‌స్టాల్ మళ్ళీ కొడితే సరిపోతుంది. ఎక్కడైనా వాయించే ప్రోగ్రాం ఉందంటే జీహెచ్‌సీని ఆ వారంలో అప్‌గ్రేడ్ చేయకండి, దయచేసి.

బ్లాక్ అంటే ఖాళీ లైన్ల మధ్య ఉన్నది

షిఫ్ట్+ఎంటర్ ఒక్క లైన్నే పంపుతుంది. కంట్రోల్+ఎంటర్ పైన ఖాళీ లైన్ నుంచి కింద ఖాళీ లైన్ దాకా ఉన్న మొత్తం బ్లాక్ పంపుతుంది. నా సలహా, మొదటిది మర్చిపోండి, ఎప్పుడూ కంట్రోల్+ఎంటర్ వాడండి. ఎందుకంటే అసలు వాయించేటప్పుడు ప్యాటర్న్ ఒక లైన్లో ఉండదు. ఇలా ఉంటుంది:

డీ1 $ ఎవ్రీ 4 (ఫాస్ట్ 2)
  $ సౌండ్ "బీడీ*2 ఎస్ఎన్ బీడీ ఎస్ఎన్"
  # స్పీడ్ "1 1.5"
  # రూమ్ 0.3
  # గెయిన్ 1.1

ప్రతి ఎఫెక్ట్‌ని దాని సొంత లైన్లో, ముందు రెండు స్పేసులు వదిలి, హాష్ గుర్తుతో మొదలయ్యేలా రాయండి. ఇది అందం కోసం కాదు. రూమ్ (గదిలో మోగినట్టుండే ప్రతిధ్వని) తీసేసి వినాలనిపించింది అనుకోండి, ఆ లైన్ మీద కర్సర్ పెట్టి కంట్రోల్+స్లాష్ కొడితే అది కామెంట్ అయిపోతుంది, కంట్రోల్+ఎంటర్ కొడితే రూమ్ లేకుండా మోగుతుంది. మళ్ళీ అదే రెండు కీలు కొడితే తిరిగి వస్తుంది. ఏమీ చెరపలేదు, ఏమీ తిరిగి టైప్ చేయలేదు. ఆల్ట్ నొక్కి పైకి కిందికి బాణాలు కొడితే లైన్ జరుగుతుంది, స్పీడ్ ముందుండాలో గెయిన్ ముందుండాలో మార్చుకోవచ్చు. ఒకే శాంపిల్ పేరు నాలుగు చోట్ల ఉంటే దాన్ని సెలెక్ట్ చేసి కంట్రోల్+డి కొడుతూ పోతే అన్నిచోట్లా ఒకేసారి కర్సర్ వస్తుంది, కొత్త పేరు ఒక్కసారి కొడితే చాలు. ఆఫీసు కోడ్‌లో ఏళ్ళ తరబడి వాడిన షార్ట్‌కట్లే ఇక్కడ వాయింపు అయిపోతాయి. ఈ పనిలో నాకు బాగా నచ్చే సంగతి ఇది.

రెండు ప్యాటర్న్‌ల మధ్య ఖాళీ లైన్ తప్పనిసరి. డీ1 కిందనే ఖాళీ లేకుండా డీ2 రాస్తే రెండూ కలిపి ఒకే బ్లాక్‌గా వెళ్ళిపోయి పార్స్ ఎర్రర్ వస్తుంది, చూస్తే రెండూ విడివిడిగా తప్పు లేకుండానే ఉంటాయి, అందుకే బుర్ర వేడెక్కుతుంది. అలాగే ట్యాబ్‌ల బదులు స్పేసులు వచ్చేలా సెట్ చేయండి, ట్యాబ్ సైజు రెండు. హాస్కెల్‌కి లైన్ ముందున్న ఖాళీ కూడా లెక్కే.

ఫోన్లో ఎవరో పంపిన కోడ్ కాపీ చేసి పెడితే ఇంకో రకం ఎర్రర్ వస్తుంది: లెక్సికల్ ఎర్రర్ అని, పక్కన 8220 అనే అంకె. అది వంకర కోట్ గుర్తు నంబర్. ఫోన్లు, మెసేజింగ్ యాప్‌లు, వర్డ్ లాంటివి నిటారు కోట్స్‌ని వంకర కోట్స్‌గా మార్చేస్తుంటాయి, హాస్కెల్‌కి అవి నచ్చవు. చెరిపేసి కీబోర్డ్ మీద కొట్టండి, అయిపోతుంది.

తెలుగులో కామెంట్లు రాసుకోవచ్చా అంటే నిక్షేపంగా రాసుకోవచ్చు, రెండు హైఫన్లు పెట్టి. 'ఇక్కడ నెమ్మదిగా', 'జనం కదిలాక డీ3' అని నా భాషలో రాసుకుంటే నాకు కంగారు తగ్గుతుంది. కాకపోతే ఆ కామెంట్‌ని బ్లాక్‌కి బయట, మధ్యలో ఖాళీ లైన్ వదిలి పెట్టండి. బ్లాక్ లోపలుంటే అదీ జీహెచ్‌సీఐకి వెళ్తుంది, విండోస్‌లో కొన్నిసార్లు తెలుగు అక్షరాల దగ్గర అక్షర ఎన్‌కోడింగ్ ఎర్రర్ కొడుతుంది. లైన్ హైట్ కొంచెం పెంచుకుంటే ఒత్తులు, గుడులు పై, కింది లైన్లకి తగలకుండా ఉంటాయి.

ఆపే కీ

టైడల్‌లో అన్నీ ఆపే మాట హష్ (హెచ్-యు-ఎస్-హెచ్). ఇది ఫైల్‌లో ఎక్కడో అడుగున ఉంటే పనికిరాదు. రెండు ఏర్పాట్లు చేసుకోండి. ఒకటి, ఫైల్ మొదటి లైన్లో హష్ అని రాసి పెట్టండి, కంట్రోల్+హోమ్ కొడితే కర్సర్ అక్కడికి వెళ్తుంది, కంట్రోల్+ఎంటర్ కొడితే మొత్తం ఆగుతుంది. రెండు కీల జంటలు, మౌస్ అక్కర్లేదు. రెండోది, వీఎస్ కోడ్ కీబోర్డ్ షార్ట్‌కట్స్ తెరిచి టైడల్ అని వెతికితే ఎక్స్‌టెన్షన్ ఇచ్చే కమాండ్లన్నీ కనిపిస్తాయి, ఏ కీ దేనికి ఉందో చూసుకుని మీ చేతికి నప్పేలా మార్చుకోండి. ఏది ఎంచుకున్నా, శబ్దం ఏమీ తప్పుగా లేనప్పుడే పదేపదే ఆపి మొదలుపెట్టి వేళ్ళకి అలవాటు చేయండి. శబ్దం ఎంత గట్టిగా రావాలో చెప్పే గెయిన్‌ని 1.1 అని కొట్టబోయి చుక్క పడకపోతే అది 11 అవుతుంది, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఉంటే చెవులకి నిజంగా ప్రమాదం. అందుకే నేర్చుకునే రోజుల్లో సిస్టం వాల్యూమ్ సగానికి తక్కువే ఉంచండి.

అన్నీ కాకుండా ఒక్క ప్యాటర్నే ఆపాలంటే డీ1 $ సైలెన్స్. కాబట్టి ప్రతి ప్యాటర్న్ కింద ఆ లైన్ కూడా ఒక చిన్న బ్లాక్‌గా రాసి ఉంచుకోవచ్చు. సూపర్‌కొలైడర్‌లో కంట్రోల్+ఫుల్‌స్టాప్ కొడితే మోగుతున్నవన్నీ తెగిపోతాయి, కానీ టైడల్ అవతల నుంచి మెసేజ్‌లు పంపుతూనే ఉంటుంది కాబట్టి శబ్దం మళ్ళీ మొదలవుతుంది. పొడవాటి శాంపిల్ ఒకటి ఆగకుండా మోగుతుంటే దాన్ని తెంచడానికి ఆ కీ మంచిది, ముందు హష్ కొట్టి ఆ తర్వాత అది కొట్టండి.

తప్పు ఎక్కడ కనిపిస్తుంది

రెండు చోట్ల. కోడ్ రాతలో తప్పు ఉంటే ఎడిటర్ కిందున్న ఔట్‌పుట్‌లో కనిపిస్తుంది. ఆ పాత ప్యాటర్న్ మాత్రం ఆగకుండా మోగుతూనే ఉంటుంది, టైడల్‌లో ఉన్న పెద్ద సుఖం ఇది. మీరు తప్పు రాసినా వినేవాళ్ళకి తెలియదు, సరిచేసి మళ్ళీ పంపవచ్చు.

కానీ శాంపిల్ పేరు తప్పు కొడితే ఎడిటర్‌లో ఏమీ రాదు. టైడల్ దృష్టిలో కోట్స్ లోపల ఏ మాటైనా సరైనదే, అది అలాగే పంపేస్తుంది. ఆ పేరుతో శాంపిల్ గానీ సింథ్ గానీ దొరకలేదని చెప్పేది సూపర్‌కొలైడర్ పోస్ట్ విండో. కాబట్టి ఆ విండోని మినిమైజ్ చేయకండి. తెరని ఐదు వంతులు అనుకుంటే నాలుగు వంతులు ఎడిటర్, పక్కన సన్నగా పోస్ట్ విండో. మోగాల్సింది మోగట్లేదు, ఎడిటర్‌లో ఎర్రర్ లేదు అంటే కళ్ళు వెంటనే అటు వెళ్ళాలి.

ఆ విండోలోనే లేట్ అని, పక్కన ఒక దశాంశ సంఖ్యతో లైన్లు వరుసగా పడుతుంటే మెషీన్ అందుకోలేకపోతోందని అర్థం. ఛార్జర్ పెట్టండి, బ్యాటరీ సేవర్ తీసేయండి, బ్రౌజర్ మూసేయండి. అప్పటికీ పోకపోతే స్టార్టప్ ఫైల్లో సర్వర్ లేటెన్సీ (శబ్దానికి ముందు ఇచ్చే వ్యవధి) కాస్త పెంచండి. విండోస్‌లో ఏ ఆడియో డ్రైవర్ వాడుతున్నారో కూడా చూసుకోవాలి, ఎంఎంఈ నెమ్మది, వాసాపీ గానీ అసియో గానీ మేలు.

ఆఫ్ చేయాల్సినవి

వీఎస్ కోడ్ ఉద్యోగం కోసం చేసిన ఎడిటర్. అది చేసే సాయంలో చాలా భాగం ఇక్కడ అడ్డం. సెట్టింగ్స్‌లో ప్రొఫైల్స్ అని ఉంటుంది, టైడల్ కోసం వేరే ప్రొఫైల్ తెరవండి, దాంతో మీ ఉద్యోగం సెట్టింగ్స్ చెడవు, ఆ లింటర్లు, ఫార్మాటర్లు ఇక్కడికి రావు.

ఆ ప్రొఫైల్‌లో మొట్టమొదట క్విక్ సజెషన్స్ ఆఫ్ చేయండి, వర్డ్ బేస్డ్ సజెషన్స్ కూడా. మీరు ఎస్ఎన్ అని కొట్టి ఎంటర్ నొక్కేసరికి అది ఫైల్లో ఉన్న ఇంకో మాట పెట్టేస్తే మీ తాళం పోయినట్టే. ఏఐ సూచనలు కూడా ఆపేయండి. నేను వాయిస్తున్నప్పుడు పక్కనుంచి బూడిదరంగు అక్షరాల్లో తర్వాతి లైన్ చెప్పే మనిషి నాకు వద్దు, అది సరైన లైనే అయినా సరే. ఫార్మాట్ ఆన్ సేవ్ ఆఫ్, మినీమ్యాప్ ఆఫ్, అప్‌డేట్ మోడ్ మాన్యువల్. బ్రాకెట్లు, కోట్స్ వాటంతటవే మూసుకునే సదుపాయం మాత్రం ఉంచుకోండి, మూయని కోట్ వల్ల వచ్చే ఎర్రర్లు బాగా తగ్గుతాయి. బ్రాకెట్ల జంటలకి రంగులు వేసేది కూడా పనికొస్తుంది, మూడు నాలుగు ఫంక్షన్లు ఒకదాంట్లో ఒకటి పెట్టినప్పుడు. ఆటో సేవ్ ఆన్.

సొంత శబ్దాలు, సొంత లెక్కలు

సూపర్‌డర్ట్‌తో వచ్చే శాంపిల్స్‌లో తబలా, సితార్ కూడా ఉన్నాయి, ఫోల్డర్ల పేర్లు అవే. కానీ మన చుట్టూ వినిపించేవి అందులో లేవు, అవి మనమే చేర్చుకోవాలి. డప్పు తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే ఒక్కో దెబ్బని విడివిడిగా ఫోన్లో రికార్డ్ చేసుకోండి, వేవ్ ఫైల్‌గా మార్చుకోండి, ఎంపీ3 పెట్టకండి. ప్రతి ఫైల్ మొదట్లో ఉన్న నిశ్శబ్దం పూర్తిగా కత్తిరించాలి, కొంచెం మిగిలినా ఆ దెబ్బ ప్రతిసారీ వెనకబడుతుంది. డప్పు అనే ఫోల్డర్లో పెట్టి, ఫైళ్ళకి 00, 01, 02 అని ముందు అంకెలతో పేర్లు ఇవ్వండి, ఎందుకంటే లోడ్ అయ్యేది అక్షర క్రమంలోనే, డప్పు:0 అంటే మొదటి ఫైల్. స్టార్టప్ ఫైల్లో లోడ్‌సౌండ్‌ఫైల్స్ (సౌండ్‌లో ఎస్, ఫైల్స్‌లో ఎఫ్ పెద్దవి) అనే లైన్లో ఆ ఫోల్డర్లున్న పెద్ద ఫోల్డర్ పాత్ రాసి, చివర స్లాష్, నక్షత్రం పెట్టండి. విండోస్‌లో కూడా ముందుకు వాలే స్లాషే వాడండి.

ఇక తాళం. టైడల్‌లో ఒక సైకిల్‌కి (ప్యాటర్న్ ఒకసారి తిరిగే చుట్టుకి) ఎన్ని భాగాలైనా ఉండొచ్చు కాబట్టి చాపు తాళాలు చాలా తేలిగ్గా కుదురుతాయి. "డప్పు(2,5)" అంటే అయిదింట్లో రెండు దెబ్బలు, 2+3, అదే ఖండచాపు. "డప్పు(3,7)" అంటే 2+2+3 వస్తుంది, మిశ్రచాపు నడకకి 3+2+2 కావాలి, దానికి మూడో అంకె చేర్చి "డప్పు(3,7,4)" అనండి, అది నాలుగో అడుగు దాటి మొదలవుతుంది. పక్కన డీ2లో "హెచ్‌హెచ్*7" (హై-హ్యాట్ తాళం శబ్దం) పెట్టుకుంటే లెక్క చెవికి స్పష్టంగా తెలుస్తుంది. వేగం మాట సెట్‌సీపీఎస్, సెకనుకి ఎన్ని సైకిళ్ళు అని. ఏమీ చెప్పకపోతే 0.5625, అంటే సైకిల్‌కి నాలుగు బీట్లు అనుకుంటే నిమిషానికి 135. ఏడు అక్షరాలకి నిమిషానికి 120 కావాలంటే సెట్‌సీపీఎస్ (120/60/7). ఈ లైన్ కూడా ఫైల్ పైభాగంలో, హష్ కింద ఒక ఖాళీ లైన్ వదిలి ఉండాలి.

విమ్, ఈమ్యాక్స్ వాళ్ళకి

మీ ఎడిటర్ మార్చుకోకండి. విమ్‌కి విమ్-టైడల్ ప్లగిన్ ఉంది, కంట్రోల్+ఈ కొడితే పేరా వెళ్తుంది, పక్కన టెర్మినల్లో గానీ టీమక్స్‌లో గానీ జీహెచ్‌సీఐ నడుస్తుంది. ఈమ్యాక్స్‌లో టైడల్ మోడ్, కంట్రోల్+సి కంట్రోల్+ఎస్‌తో మొదలవుతుంది. ఆపే కీ, పోస్ట్ విండో, ఖాళీ లైన్ల గురించి పైన చెప్పినవన్నీ అక్కడా వర్తిస్తాయి.

నలుగురి ముందు వాయించేటప్పుడు

2004లో హాంబర్గ్‌లో మొదలైన టాప్‌ల్యాప్ అనే లైవ్ కోడర్ల బృందం తమ మ్యానిఫెస్టోలోనే తెర చూపించాలని రాసుకుంది, అప్పటి నుంచి కోడ్‌ని ప్రొజెక్టర్ మీద చూపిస్తూ వాయించడం ఆచారం అయింది. థీమ్ గురించి ఇప్పుడు ఆలోచించండి. ల్యాప్‌టాప్ మీద ముచ్చటగా కనిపించే లేత రంగులు ప్రొజెక్టర్ మీద గోడలో కలిసిపోతాయి, నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద గట్టి రంగులు ఉన్న హై కాంట్రాస్ట్ థీమ్ తీసుకోండి. అక్షరాలు మీకు అవసరమైన దానికంటే పెద్దగా, చివరి వరసలో కూర్చున్నవాళ్ళు చదవగలిగేంత. వర్డ్ ర్యాప్ ఆన్ చేయండి. సున్నాకీ ఓ అక్షరానికీ, ఒకటికీ చిన్న ఎల్‌కీ తేడా తెలిసే ఫాంట్ వాడండి. ముందు కూర్చున్నవాళ్ళ తలలు తెర అడుగుభాగాన్ని మూసేస్తాయి, కాబట్టి చివరి లైన్ దాటి స్క్రోల్ అయ్యే సెట్టింగ్ ఆన్ చేసి, రాస్తున్న చోటు ఎప్పుడూ తెర మధ్యలో ఉండేలా చూసుకోండి. కంట్రోల్+కె కొట్టి జెడ్ నొక్కితే జెన్ మోడ్, పక్క ప్యానెల్‌లన్నీ పోతాయి.

నోటిఫికేషన్లు సిస్టంలోనూ, వీఎస్ కోడ్‌లోనూ రెండుచోట్లా ఆపాలి. వాట్సాప్ డెస్క్‌టాప్ పూర్తిగా మూసేయండి, మెసేజ్ తెర మీద పడటం ఒక ఎత్తు, ఆ టింగుమనే శబ్దం పెద్ద స్పీకర్లలో రావడం ఇంకో ఎత్తు. స్లీప్ మోడ్, స్క్రీన్ సేవర్ కూడా.

హాల్లోని కేబుల్ పెట్టాక సూపర్‌కొలైడర్ సర్వర్‌ని మళ్ళీ బూట్ చేయండి, మొదట బూట్ అయినప్పుడు ఉన్న ఔట్‌పుట్‌నే అది పట్టుకుని ఉంటుంది, వైరు మారిస్తే దానంతటదే మారదు. తర్వాత వాల్యూమ్ తగ్గించి ఒక్క డీ1 రన్ చేసి, హష్ కొట్టి చూడండి. రికార్డింగ్ కావాలంటే సూపర్‌కొలైడర్ సర్వర్ మెనూలోనే ఉంది, వాయించడం మొదలుపెట్టే ముందే ఆన్ చేసి, ఆ రోజు ఫైల్‌ని తేదీ పేరుతో వేరేగా సేవ్ చేసుకోండి.